పవర్‌ఫుల్ పికప్‌తో డ్రాగ్ స్టార్ట్: మొదటి 60 అడుగులు గెలవడానికి హైదరాబాదీలకు సమగ్ర మార్గదర్శి

రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించిన డీజిల్ పికప్‌ను మొదటిసారి డ్రాగ్ ట్రాక్ (తిన్నటి దారిలో వేగపు పందెం జరిగే చోటు) మీదికి తీసుకెళ్లినవాళ్లలో చాలామంది పచ్చ లైటు పడగానే ఎక్సలేటర్‌ను నేలకు అదిమేస్తారు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, తోక అటూ ఇటూ ఊగుతుంది, చూసేవాళ్లు ఈలలేస్తారు. ఈలోగా పక్క లేన్‌లో ఏ మార్పూ చేయని ఫార్చ్యూనర్ నింపాదిగా ముందుకెళ్లిపోతుంది.

1991లో అమెరికాలో జీఎంసీ సైక్లోన్ అనే చిన్న పికప్ వచ్చింది. 4.3 లీటర్ల వీ6 టర్బో ఇంజను, 280 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ పవర్. ఆ ఏడాది ఒక కార్ల పత్రిక దాన్ని ఫెరారీ 348 పక్కన నిలబెట్టి క్వార్టర్ మైలు పరిగెత్తించింది. గీత దాటే క్షణానికి ఫెరారీ వేగమే ఎక్కువ. కానీ ముందు చేరింది సైక్లోన్. ఫెరారీ చివర్లో ఎంత తరిమినా, మొదటి కొన్ని మీటర్లలో పోయిన టైము తిరిగి రాలేదు. పికప్‌తో డ్రాగ్ చేయాలనుకునేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. రేసు మొత్తం 402 మీటర్లు, కానీ మీ చేతిలో, అసలు మాటకొస్తే మీ కాళ్లలో ఉన్నది మొదటి 60 అడుగులు, అంటే 18 మీటర్ల పైచిలుకు. అక్కడ పదో వంతు సెకను మిగిలితే చివర్లో దాదాపు ఒకటిన్నర రెట్లు మిగులుతుంది.

ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు

హైదరాబాద్‌లో శాశ్వత డ్రాగ్ స్ట్రిప్ లేదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది నిజమే, కానీ అది రోడ్లు మూసి తాత్కాలికంగా కట్టిన సర్క్యూట్. సరైన చోట పరిగెత్తాలంటే చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్ వైపో, లోనావలా దగ్గర ఆంబీ వ్యాలీ ఎయిర్‌స్ట్రిప్ మీద డ్రాగ్ మీట్ పెట్టినప్పుడు అటువైపో బండి తిప్పాలి. ఏ మీట్ అయినా మోటార్ స్పోర్ట్స్‌ను చూసుకునే జాతీయ సంస్థ ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉందో లేదో చూసుకుని పేరివ్వండి.

ఓఆర్ఆర్ మీద తెల్లవారుజామున నాలుగింటికి ఎవరూ ఉండరు కదా అనే మాట ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వినపడుతుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద ఆగి ఉన్న లారీ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది వరకు జైలుకు అవకాశం ఉంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మన మోటారు ఇన్సూరెన్స్ పాలసీలో వాడకపు షరతుల దగ్గర చదవండి: వ్యవస్థీకృత రేసింగు, స్పీడ్ టెస్టింగు కవర్ కావని ఉంటుంది. అంటే అనుమతి ఉన్న మీట్‌లో బండి గోడకు తగిలినా ఖర్చు మీదే. ఇంట్లోవాళ్లకు చెప్పి, ఆ లెక్క వేసుకున్నాకే బయల్దేరండి.

ధర్మకాంటాతో మొదలుపెట్టండి

ట్యూనింగ్ షాపుకు వెళ్లేముందు ధర్మకాంటాకు వెళ్లండి. ఖాళీ బండి మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాంటా మీదికి ఎక్కించి ఒకసారి, వెనకవి మాత్రమే ఒకసారి తూయించండి. అడిగితే కాంటా అబ్బాయి వింతగా చూస్తాడు, పర్వాలేదు. ఖాళీ పికప్‌లో బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే ఉంటుంది. తోయాల్సిన వెనక చక్రాల మీద బరువు తక్కువ. సమస్యంతా ఇక్కడే పుడుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. బండి 2,100 కిలోలు, అందులో వెనక 950 అనుకుందాం. టయోటా హైలక్స్ పికప్ ఆటోమేటిక్‌లో ఇంజను టార్క్ (తిప్పే బలం) 500 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు, వెనక యాక్సిల్ నిష్పత్తి కలిపి ఉజ్జాయింపుగా 14 రెట్లు పెరుగుతుంది, అంటే 7,000. టైరు వ్యాసార్థం 38 సెంటీమీటర్లు అనుకుంటే నేల మీద పడే తోపు సుమారు 1,900 కిలోల బరువంత. టార్క్ కన్వర్టర్ ఇచ్చే అదనపు బలం ఇందులో కలపనేలేదు. ఇప్పుడు గ్రిప్పు వైపు చూడండి. బండి 0.4 జీ (భూమ్యాకర్షణలో 0.4 వంతు) త్వరణంతో లేస్తే, 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న గురుత్వ కేంద్రం వల్ల, 3,085 మిల్లీమీటర్ల వీల్‌బేస్ మీద, దాదాపు 200 కిలోలు ముందు నుంచి వెనక్కి మారతాయి. వెనక మొత్తం 1,150. మామూలు తారు మీద రోడ్డు టైరు ఆ బరువులో 80, 90 శాతానికి మించి పట్టదు. అంటే 1,000 కిలోలకు అటూ ఇటూ.

ఇంజను 1,900 ఇస్తోంది, నేల 1,000 తీసుకుంటోంది. కంపెనీ నుంచి వచ్చిన బండి పరిస్థితే ఇది. దీని మీద రీమ్యాప్ చేయిస్తే మొదటి గేరులో లాభం సున్నా. అందుకే ట్యూనర్ దగ్గర ఒకటే కోరండి: మొదటి గేరులో టార్క్ పరిమితి ఉంచి, రెండో గేరు నుంచి వదలమనండి. కింద ఆర్పీఎంలో మొత్తం టార్క్ గుమ్మరించే మ్యాప్ సిటీలో భలే మజాగా ఉంటుంది, స్టార్ట్ లైన్ దగ్గర మాత్రం నష్టమే.

ఈ లెక్కలోనే ఇంకో విషయం దాగుంది. కార్లవాళ్లను చూసి పికప్‌లోంచి స్టెప్నీ తీసేయకండి. అది వెనక యాక్సిల్‌కు అవతల, బెడ్ (వెనక సామాను తొట్టి) కింద వేలాడుతూ మీకు కావాల్సిన చోటే బరువు వేస్తోంది. గొలుసు గట్టిగా ఉందో లేదో చూసి వదిలేయండి. బెడ్‌లో ఇసుక బస్తాలు వేస్తామంటే చాలా చోట్ల ఒప్పుకోరు. ఏ బరువైనా బోల్టుతో బిగించి ఉండాలి. వెనక డాలా తీసేస్తే గాలి అడ్డు తగ్గుతుందన్న మాట కూడా నమ్మకండి.

గాలి

టైర్ల విషయంలో ముందు ఒక కఠినమైన మాట: మడ్ టెర్రైన్ టైర్లతో డ్రాగ్‌కు రాకండి. పెద్ద దిమ్మెల మధ్య ఖాళీలు ఎక్కువ, నేలకు తగిలే రబ్బరు తక్కువ. హైవే టైరు మేలు, ఆల్ టెర్రైన్ అయితే సర్దుకుపోవచ్చు.

రెండు చక్రాల డ్రైవ్‌లో పరిగెత్తితే వెనక గాలి తగ్గించడమే అన్నిటికంటే చవకైన మార్పు. రోజూ 33 పీఎస్ఐ ఉంచేవాళ్లు 28 దగ్గర మొదలుపెట్టి, రన్నుకు 2 చొప్పున దించుకుంటూ వెళ్లండి. 24 దగ్గరికి వచ్చేసరికి 60 అడుగుల టైము మెరుగవడం ఆగిపోతే అక్కడే నిలపండి. రోడ్డు టైరును 20 కంటే కిందికి దించవద్దు. చివర్లో 130 దాటిన వేగంలో ఎత్తైన బండి కింద మెత్తటి టైరు పక్కకు ఊగుతుంది, ఆ ఊపు స్టీరింగ్‌లోకి వస్తే టెన్షన్ తప్పదు. ముందు టైర్లలో మామూలు గాలి ఉంచండి.

గాలి ఎప్పుడూ టైర్లు చల్లగా ఉన్నప్పుడు, సొంత గేజ్‌తో కొలవండి. రెండు పంక్చర్ షాపుల గేజ్‌లు ఒకే మాట చెప్పిన రోజు అరుదు. సిగరెట్ లైటర్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ కూడా వెంట ఉండాలి.

కమాన్ పట్టీలు మెలి తిరుగుతుంటే

ఇసుజు వీ క్రాస్, హైలక్స్ పికప్‌లు రెండింటికీ వెనక లీఫ్ స్ప్రింగులే, మన మేస్త్రీల మాటలో కమాన్ పట్టీలు. ఫార్చ్యూనర్‌కు వెనక కాయిల్ స్ప్రింగులు, లింకులు. అందుకే అదే ఇంజనుతో కూడా స్టార్ట్‌లో రెండు బళ్లూ వేరుగా ప్రవర్తిస్తాయి.

టార్క్ ఒక్కసారిగా పడినప్పుడు చక్రం ముందుకు తిరగబోతుంటే, యాక్సిల్ గొట్టం వెనక్కి మెలి తిరగబోతుంది. దాన్ని పట్టుకుని ఉన్నది కమాన్ పట్టీయే. అది వంగి వంకర తిరుగుతుంది, టైరు పట్టు జారగానే టక్కున వెనక్కి కొడుతుంది, టైరు మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ మెలి. సెకనులో ఇది పలుమార్లు జరుగుతుంది. లోపల కూర్చున్నవాడికి సీటు కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు వినిపిస్తుంది. దీన్నే వీల్ హాప్ అంటారు. ఆ చప్పుడు వినపడిన క్షణమే కాలు ఎత్తేయాలి. ఇంకో అర సెకను ఓర్చుకుందాం అనుకుంటే సెంటర్ జాయింటో, క్రౌన్ పినియనో బిల్లు చేతికిస్తుంది.

ఆటోనగర్‌లో లారీల కమాన్ పని చేసే మేస్త్రీకి ఈ మెలి గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. యూ బోల్టులు టార్క్ రెంచితో బిగించడం, అరిగిన బుష్‌లు మార్చడం మొదటి పని. అప్పటికీ ఆగకపోతే ట్రాక్షన్ బార్లు. యాక్సిల్ నుంచి ముందుకు ఛాసిస్ వైపు, లేదా కమాన్ ముందు కంటి దగ్గరికి వచ్చే ఈ కడ్డీలు మెలిని అడ్డుకుంటాయి. వెల్డింగ్ ఎవరితో పడితే వారితో చేయించవద్దు. అదనపు పట్టీ వేయించి కమాన్ గట్టి చేయించడం సులువుగా కనిపిస్తుంది గానీ, ఖాళీ బండి గుంతల మీద ఎగిరెగిరి పడుతుంది. రోజూ అదే బండిలో మియాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్లేవాళ్లకు అది శిక్ష.

2హెచ్చా, 4హెచ్చా

హైలక్స్, వీ క్రాస్ లాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లలో 2హెచ్ అంటే వెనక చక్రాలకే పవర్, 4హెచ్ అంటే నాలుగింటికీ. 4హెచ్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు ఒకదానికొకటి లాక్ అవుతాయి. జారే నేల కోసం పెట్టిన ఏర్పాటు అది. ఎండిన తారు మీద వాడవద్దనే కంపెనీ మాన్యువల్ చెబుతుంది. టైము కోసం చూస్తే మాత్రం 4హెచ్‌దే పైచేయి, ఎందుకంటే ఆ 2,100 కిలోలూ పట్టుకు పనికొస్తాయి.

నా సలహా: స్టాక్ పవర్, లేదా కొద్దిపాటి రీమ్యాప్ అయితే, తిన్నగా పరిగెత్తే 402 మీటర్ల వరకు 4హెచ్ వాడండి, కానీ మూడు షరతులు. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల, ఒకే గాలి ఉండాలి. వెనక మాత్రమే గాలి తగ్గిస్తే చక్రాల చుట్టుకొలత మారి ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక షాఫ్టులకు పవర్ పంచే పెట్టెలో) మెలి పేరుకుంటుంది, కాబట్టి 4హెచ్‌లో నాలుగింటికీ 30 చాలు. లైన్ దగ్గర స్టీరింగ్ తిన్నగా ఉండాలి. గీత దాటి వేగం తగ్గాక, రిటర్న్ రోడ్డులోకి (వెనక్కి వచ్చే దారిలోకి) తిరగకముందే 2హెచ్‌లోకి మార్చి, డాష్‌బోర్డ్ మీద లైటు ఆరేదాకా తిన్నగానే పోనివ్వాలి. టార్క్ బాగా పెంచిన బండికి మాత్రం 4హెచ్‌లో బ్రేకు మీద బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) నింపి వదిలేయడం ముందు డిఫరెన్షియల్‌తో జూదం.

ర్యామ్ టీఆర్ఎక్స్ లాంటి 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్‌డ్ బండి మీ దగ్గరుంటే, 702 హార్స్‌పవర్ అయినా మీ పని తేలిక. దానికి స్టార్ట్‌ను కంప్యూటరే చూసుకునే లాంచ్ కంట్రోల్ ఉంది. బటన్ నొక్కి, చెప్పింది చేయండి చాలు.

లైన్ దగ్గరికి

లైన్‌కు ముందు టైర్లు తడిపే వాటర్ బాక్స్ ఉంటే పక్కనుంచి వెళ్లండి. గాడుల్లేని స్లిక్ టైర్లవాళ్ల కోసం పెట్టిన నీళ్లవి. గాడులున్న టైరు ఆ నీటిని మోసుకొచ్చి స్టార్ట్ లైన్ మీదే కారుస్తుంది, వెనక వచ్చేవాళ్లు మిమ్మల్ని తిట్టుకుంటారు. పొడి నేల మీద 2హెచ్‌లో వెనక చక్రాలు ఒకటి రెండు సెకన్లు తిప్పి, గాడుల్లోని రాళ్లు, దుమ్ము రాలగొడితే చాలు. పొగ వచ్చేదాకా కాల్చితే రోడ్డు టైరు రబ్బరు జిడ్డుగా మారి పట్టు తగ్గుతుంది.

చక్రం జారితే పవర్ కోసే ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి. టయోటా బళ్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ మాత్రమే పోతుంది, బండి నిలబడి ఉన్నప్పుడు మూడు సెకన్లు నొక్కి ఉంచితే స్టెబిలిటీ కూడా పోతుంది. మొదటి రెండు మూడు రన్నులకు స్టెబిలిటీ ఉండనివ్వండి. ఏసీ ఆపండి, అద్దాలు ఎక్కించండి, హెల్మెట్, బెల్టు సరే కదా.

మన ఎయిర్‌స్ట్రిప్పుల మీద అమెరికా స్ట్రిప్పుల్లో లాగా జిగురు పూసి ఉండదు. లేన్‌లో ముందువాళ్ల టైర్లు వదిలిన నల్లటి చారలు ఎక్కడున్నాయో చూసి, సరిగ్గా వాటి మీద చక్రాలు పెట్టండి. జానెడు పక్కకు జరిగినా దుమ్ములో ఉంటారు.

ఇక లైట్లు. ట్రీ (స్టార్ట్ లైట్ల స్తంభం) పైన మొదటి చిన్న బల్బు ప్రీస్టేజ్. ముందు చక్రం లేన్‌కు అడ్డంగా పడే మొదటి కాంతి కిరణాన్ని అడ్డుకోగానే అది వెలుగుతుంది. దానికి ఏడు అంగుళాల అవతల రెండో కిరణం, స్టేజ్. ప్రీస్టేజ్ వెలగగానే పూర్తిగా ఆగండి. ఊపిరి పీల్చుకోండి. తర్వాత బ్రేకు మీద కాలు కొద్దికొద్దిగా వదులుతూ రెండో బల్బు మిణుక్కుమనగానే ఆపేయండి. అంతకు మించి ఒక్క అంగుళం కూడా వద్దు. చక్రం స్టేజ్ కిరణాన్ని వదిలి వెళ్లేదాకా గడియారం మొదలవదు కాబట్టి, ఈ తక్కువ స్టేజింగ్ వల్ల బరువైన బండికి టైము మొదలయ్యేలోపే కొంచెం ఊపు దొరుకుతుంది.

బూస్ట్, వదలడం

ఆటోమేటిక్ అయితే ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు ఎక్సలేటర్ మీద. ఎడమ కాలితో బ్రేకు అలవాటు లేనివాళ్లు ముందే ఏదైనా ఖాళీ ప్రైవేటు స్థలంలో, నడక వేగంలో, వారం పది రోజులు సాధన చేయాలి. క్లచ్‌కు అలవాటైన కాలు మొదట్లో బ్రేకును ధబీమని తొక్కుతుంది. హైదరాబాద్‌లో ఉంటూనే నేర్చుకోగలిగిన అతి ముఖ్యమైన పని ఇదే.

ముందు బ్రేకు గట్టిగా, ఆ తర్వాతే ఎక్సలేటర్. క్రమం తప్పితే కొత్త బళ్లలో చాలావాటికి కంప్యూటరే పవర్ కోసేస్తుంది. కొన్నింటిలో క్రమం పాటించినా కోస్తుంది, అది ముందే పరీక్షించి తెలుసుకోండి. హైలక్స్ ఆటోమేటిక్‌లో పూర్తి టార్క్ 1,600 ఆర్పీఎం దగ్గర నుంచే అందుతుంది కాబట్టి 1,500 చాలు. 2,000కు రేజ్ చేసి ఉంచితే వెనక చక్రాలు బ్రేకును తోసుకుని బండి ముందుకు జరుగుతుంది, స్టేజ్ బల్బు ఆరుతుంది, ఫౌల్ అని ఎర్ర లైటు పడుతుంది. బ్రేకు మీద ఇలా పట్టి ఉంచేది రెండు మూడు సెకన్లే. ఆ సమయంలో ఇంజను శక్తి అంతా గేర్‌బాక్స్ ఆయిల్‌లో వేడిగా మారుతుంటుంది.

మామూలు ట్రీలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో వెలుగుతాయి, మరో అర సెకనుకు పచ్చ. పచ్చ కోసం ఆగితే ఆలస్యమైనట్టే. మూడో పసుపు వెలగగానే కదలండి. మీ కాలు స్పందించడానికి రెండు పదో వంతులు, బండి కిరణం దాటడానికి ఇంకో మూడు, లెక్క సరిపోతుంది. మూడు పసుపులూ ఒకేసారి వెలిగే ప్రో ట్రీలో పచ్చకు మధ్య 0.4 సెకన్లే, అక్కడ పసుపు కనపడగానే వెళ్లాలి. అన్నట్టు, మీ స్పందన టైము క్వార్టర్ మైలు టైములో కలవదు. పక్క బండితో పోటీ లేకుండా మంచి టైము మాత్రమే కావాలంటే లైటు గురించి అంత కంగారు అనవసరం.

ఇప్పుడు అసలు ఘట్టం. బ్రేకు ఒక్కసారిగా వదలండి, ఎక్సలేటర్ మాత్రం ఒక్కసారిగా కాదు. ముక్కు లేచి వెనక భాగం కూర్చోవడానికి అర సెకను పడుతుంది. ఇందాక లెక్కేసిన ఆ 200 కిలోలు వెనక చక్రాల మీదికి వచ్చేది అప్పుడే. అవి రాకముందే మొత్తం పవర్ ఇస్తే టైరు జారిపోతుంది. సగం ఎక్సలేటర్‌తో లేపి, వీపు సీటుకు అతుక్కోవడం తెలియగానే సెకనులోపు మిగతాది నొక్కండి. మళ్లీ మళ్లీ చేస్తేనే ఇది కాలికి అలవాటవుతుంది. జారితే కొంచెం ఎత్తి పట్టు దొరికాక మళ్లీ నొక్కండి. తోక పక్కకు పోతే బ్రేకు జోలికి వెళ్లకండి, కాలు మెల్లగా ఎత్తి స్టీరింగ్‌తో సరిచేయండి. పక్క లేన్ వైపు పోతుంటే ఆ రన్ వదిలేయడమే.

మాన్యువల్ వాళ్లకు రెండు మాటలు. టయోటాయే హైలక్స్ మాన్యువల్‌కు 500 కాకుండా 420 న్యూటన్ మీటర్లే ఇచ్చింది. 1,800 నుంచి 2,200 ఆర్పీఎం మధ్య ఉంచి, క్లచ్ పట్టుకునే చోటు దాకా త్వరగా, ఆ తర్వాత ఒక సెకను జారనిచ్చి పూర్తిగా వదలండి. క్లచ్ ఠక్కున వదిలేస్తే కమాన్ మెలి గ్యారంటీ. వరసగా రెండు రన్నులు చేశాక మాడు వాసన వస్తే అరగంట ఆగాలి.

గీత దాటాక

రెండు టన్నుల పైన ఉన్న ఎత్తైన బండి 130, 140 కిలోమీటర్ల వేగంలో ఉంది. తిన్నగా ఉంచి, ముందే మొదలుపెట్టి, ఒకే ఒత్తిడితో బ్రేకు వేయండి. పక్క బండి ఎక్కడుందో చూడకుండా రిటర్న్ రోడ్డు వైపు స్టీరింగ్ తిప్పవద్దు. పిట్‌లోకి వచ్చాక వెంటనే ఇంజను ఆపకండి. టర్బో చల్లబడేదాకా రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. హ్యాండ్‌బ్రేక్ కూడా అప్పుడే వేయకండి, చెక్క ముక్క చక్రానికి అడ్డం పెట్టండి.

టైము రాసిన స్లిప్పు చేతికి రాగానే అందరూ చివరి అంకె చూస్తారు. మీరు 60 అడుగుల అంకె చూడండి. నిర్వాహకులు అది ఇవ్వకపోతే డ్రాగీ లాంటి జీపీఎస్ పెట్టె కొలిచి పెడుతుంది. చివరి వేగం బాగుండి 60 అడుగులు బాగోలేదంటే ఇంజను సరే, స్టార్ట్ పాడైంది. 60 అడుగులు బాగుండి చివరి వేగం తగ్గిందంటే మధ్యాహ్నపు ఎండకు ఇంటర్‌కూలర్ వేడెక్కిందేమో చూడండి, బానెట్ ఎత్తి నీడలో పెట్టండి. రన్నుకు రన్నుకు మధ్య ఒక్కటే మార్చండి: గాలి, లేదా ఆర్పీఎం, లేదా కాలి వేగం. రెండు కలిపి మారిస్తే దేని వల్ల బాగుపడిందో ఎవరూ చెప్పలేరు. ప్రతి రన్నుకూ గాలి, ఎండ, ఆర్పీఎం, 60 అడుగుల టైము ఫోన్‌లో రాసుకోండి. వచ్చే మీట్‌లో మొదటి రన్ అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

హైదరాబాద్‌కు తిరుగు ప్రయాణం ఎటునుంచైనా 600 కిలోమీటర్లకు తక్కువ కాదు. బయల్దేరేముందు టైర్లు చల్లారాక గాలి మామూలుకు నింపండి, యూ బోల్టులూ వీల్ నట్లూ ఇంకోసారి బిగించండి, వెనక హౌసింగ్ దగ్గర, గేర్‌బాక్స్ కింద ఆయిల్ చెమ్మ ఉందేమో టార్చి వేసి చూడండి. ట్రాక్షన్, స్టెబిలిటీ బటన్లు మళ్లీ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకుని హైవే ఎక్కండి.